ఇరుకు బోటులో రెండు పెద్ద ఇంజన్లు: పక్కపక్కన ఉన్నవాటిని ముందువెనకగా మార్చడం ఎలా?

పవర్‌బోటు వేగం పెరగాలంటే అందరి చూపూ ముందు హార్స్‌పవర్ మీదికే పోతుంది. కొత్త క్యామ్, పెద్ద సూపర్‌చార్జర్, ఇంకో వంద గుర్రాలు! నా లెక్కలో ఇరవై ముప్పై ఏళ్ళ కిందటి మంచి హల్ (బోటు దేహం) చేతిలో ఉన్నవాళ్ళు ముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఉన్న ఇంజన్లు సరైన చోట కూర్చున్నాయా? ఈ మార్గదర్శి ఇరుకు బోటులో ఒక ఇంజన్‌ను ముందుకు జరిపే ఆ ఒక్క పని గురించే.

ఉదాహరణకు ఒక రకం బోటును తీసుకుందాం. పొడవు 35 అడుగులు, వెడల్పు 8 అడుగులు, డెడ్‌రైజ్ 24 డిగ్రీలు. అంటే బోటు అడుగు మధ్య గీత నుంచి రెండు పక్కలకూ 24 డిగ్రీల వాలులో పైకి లేస్తుంది. వెనక 8.2 లీటర్ల బిగ్ బ్లాక్ వీ8లు (ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజన్లు) రెండు పక్కపక్కన, వాటి వెనక రెండు స్టెర్న్‌డ్రైవ్‌లు, అంటే బోటు వెనక గోడ బయట ఉండి ప్రొపెల్లర్‌ను తిప్పే భాగాలు. అమెరికాలో, ముఖ్యంగా ఫ్లోరిడా తీరంలో, ఈ కోవ బోట్లు ఇప్పటికీ చాలానే కనిపిస్తాయి. 1960 మయామీ-నసావ్ రేసులో డిజైనర్ రే హంట్ గీసిన డీప్-వీ (లోతైన 'V' ఆకారపు అడుగున్న) హల్‌తో 'మోపీ' అనే బోటు ఎగసిపడే సముద్రంలో గెలవడంతో ఈ ఆకారానికి గిరాకీ మొదలైంది. ఆ తరవాత బోట్ల తయారీదారు డాన్ ఆరొనో మయామీలోని 188వ వీధిలో డాంజీ, మాగ్నమ్, సిగరెట్ అంటూ కంపెనీ మీద కంపెనీ పెట్టి, సన్నగా పొడుగ్గా ఉండే బోటును ఒక మోజుగా మార్చేశాడు. సన్నటి బోటు అలల్ని బాగా కోస్తుంది, ట్రెయిలర్ మీద రోడ్డెక్కడమూ తేలిక. ఆ సన్నదనానికి మూల్యం ఇంజన్ గదిలో చెల్లించాలి.

అసలు మార్చాలా?

ముందు ఒక చిన్న లెక్క. 24 డిగ్రీల వాలులో మధ్య గీత నుంచి పక్కకు జరిగే ప్రతి అంగుళానికీ అడుగు భాగం 0.445 అంగుళం పైకి లేస్తుంది. పక్కపక్కన పెట్టిన రెండు బిగ్ బ్లాక్‌ల మధ్య, ఎగ్జాస్ట్ మానిఫోల్డులతో (పొగ బయటికి పంపే గొట్టాల గుత్తులతో) కలిపి, కేంద్రం నుంచి కేంద్రానికి 38 అంగుళాలు కావాల్సి వచ్చిందనుకోండి. ఒక్కో ఇంజన్ మధ్య గీతకు 19 అంగుళాల దూరంలో ఉంటుంది. అక్కడ అడుగు 8.5 అంగుళాలు లేచి ఉంటుంది. అదే ఒక ఇంజన్‌ను ముందుకు జరిపి, మానిఫోల్డులు ఒకదానికొకటి తగలకుండా చేసి, దూరాన్ని 28 అంగుళాలకు తగ్గిస్తే లేపు 6.2 అంగుళాలే. రెండు ఇంజన్లూ కలిపి దాదాపు టన్ను బరువు. అది రెండు అంగుళాలకు పైగా కిందికి దిగుతుంది.

రెండో లాభం మలుపుల్లో తెలుస్తుంది. డ్రైవ్‌లు ఎడంగా ఉన్న బోటు వేగంగా తిరుగుతూ ఒరిగినప్పుడు బయటి వైపు ప్రొపెల్లర్ నీళ్ళ పైకి లేచి గాలి పీలుస్తుంది. దగ్గరగా ఉంటే రెండూ నీళ్ళలోనే ఉంటాయి. ఇంజన్ల పక్కన మనిషి దిగి నిలబడే చోటు దొరకడం మూడోది. స్పార్క్ ప్లగ్ మార్చడానికి తలకిందులుగా వేలాడిన వాళ్ళను అడగండి, ఇదే మొదటి లాభం అంటారు.

నష్టాలూ ఉన్నాయి. ముందు ఇంజన్‌కూ దాని డ్రైవ్‌కూ మధ్య జాక్‌షాఫ్ట్ అనే పొడుగు షాఫ్ట్ వస్తుంది. క్యాబిన్‌లోనో వెనక సీటు కిందో కొంత చోటు పోతుంది. బరువు ముందుకు జరుగుతుంది. ట్రాన్సమ్‌కు, అంటే బోటు వెనక గోడకు, ఉన్న పాత కంతలు మూసి కొత్తవి కోయాలి. అందుకే బోటు వెడల్పు తొమ్మిది అడుగులు దాటితే ఈ పని జోలికి పోవద్దని నా సలహా. వెడల్పు తక్కువే అయినా, మీ ఫిర్యాదు 'ఇంకో నాలుగు మైళ్ళు రావట్లేదు' అన్నదే అయితే, ముందు ప్రొపెల్లర్లు, డ్రైవ్ ఎత్తు సరిచూసుకోండి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన బోట్లు యార్డుల్లో కొల్లలుగా కనిపిస్తాయి.

ఇంజన్లు తీసేసి ట్రాన్సమ్ మీద పెద్ద అవుట్‌బోర్డులు బిగించడం ఈమధ్య ఎక్కువైంది. మెర్క్యురీ 450ఆర్ లాంటివి ఒక్కోటి 313 కిలోలే. లోపల బోలెడు చోటు మిగులుతుంది. కానీ ఆ బరువు మొత్తం ట్రాన్సమ్ వెనక్కీ, పైకీ పోతుంది. స్టెర్న్‌డ్రైవ్ కోసం గీసిన హల్ దాన్ని ఒప్పుకుంటుందో లేదో కింద చెప్పే బరువు లెక్కే తేలుస్తుంది.

బరువు లెక్క

ఇక్కడ తొందరపడకండి. మొత్తం పనిలో ఖర్చు లేని భాగం ఇదొక్కటే, అన్నిటికన్నా విలువైనదీ ఇదే.

బోటును ఇప్పుడున్న స్థితిలో తూయించాలి. మెరీనాల్లో బోటును పట్టీలతో ఎత్తే ట్రావెల్‌లిఫ్ట్ ఉంటుంది. చాలా వాటిలో ముందు పట్టీ మీద ఎంత, వెనక పట్టీ మీద ఎంత అని విడివిడిగా చూపిస్తుంది. ట్రాన్సమ్ నుంచి ఒక్కో పట్టీ దూరం టేపుతో కొలిచి రాసుకోండి. ఉదాహరణకు వెనక పట్టీ 1.5 మీటర్ల దగ్గర 2,500 కిలోలు, ముందు పట్టీ 6 మీటర్ల దగ్గర 1,500 కిలోలు చూపించాయనుకుందాం. స్కూల్లో నేర్చుకున్న భ్రామకాల లెక్కే: 2,500ను 1.5తో, 1,500ను 6తో గుణించి కలిపితే 12,750. దాన్ని మొత్తం బరువు 4,000తో భాగిస్తే 3.19. గరిమనాభి ట్రాన్సమ్‌కు 3.19 మీటర్ల ముందు ఉందన్నమాట. నీటిగీత దగ్గర బోటు పొడవు 9 మీటర్లయితే అది 35 శాతం. ఈ తరహా వేగం బోట్లకు అది మామూలు చోటే.

ఇప్పుడు 500 కిలోల ఇంజన్‌ను 1.1 మీటర్లు ముందుకు జరుపుదాం. 500 ఇంటూ 1.1 అంటే 550, దాన్ని 4,000తో భాగిస్తే దాదాపు 14 సెంటీమీటర్లు. గరిమనాభి 3.33 మీటర్లకు, అంటే 37 శాతానికి చేరింది. చిన్న అంకెలా ఉంటుంది గానీ నీళ్ళలో తేడా బాగా తెలుస్తుంది. ఎడ్లబండికి వెనక బరువెక్కితే కాడి పైకి లేచినట్టు, గరిమనాభి మరీ వెనక ఉన్న బోటుకు ముక్కు లేస్తుంది, వేగంలో ముక్కు ఎగిరెగిరి పడుతుంది. దీన్ని పోర్పాయిజింగ్ అంటారు. మరీ ముందుకు పోతే ముక్కు నీళ్ళకు అంటుకుపోయి, తడిసే అడుగు భాగం పెరిగి, వేగం తగ్గుతుంది. అల దిగేటప్పుడు స్టీరింగ్ అటూ ఇటూ లాగుతుంది కూడా.

కాబట్టి మీ బోటుకు ఇప్పుడు పోర్పాయిజింగ్ ఉంటే ఆ 14 సెంటీమీటర్లు వరమే. ఇప్పటికే నిలకడగా పోతుంటే అందులో కొంతైనా వెనక్కి తేవాలి. నాలుగు బ్యాటరీలు కలిపి వంద కిలోలు, వాటిని 2 మీటర్లు వెనక్కి తెస్తే 5 సెంటీమీటర్లు తిరిగొస్తుంది. మిగిలింది ఆయిల్ కూలర్లు, మంటలార్పే సిలిండర్, యాంకర్ చెయిన్ లాంటివాటిని సర్దుతూ రాబట్టొచ్చు.

పెట్రోలు ట్యాంకును మరిచిపోవద్దు. లీటరు పెట్రోలు దాదాపు 0.74 కిలోలు. 700 లీటర్ల ట్యాంకు నిండితే 520 కిలోలు, అంటే ఒక ఇంజన్ కన్నా ఎక్కువ. ట్యాంకు గరిమనాభికి దూరంగా ఉంటే పొద్దున ఒక బోటు, సాయంత్రం ఇంకో బోటు నడిపినట్టుంటుంది. అందుకే లెక్క మూడుసార్లు వెయ్యాలి: నిండు ట్యాంకుతో, సగంతో, అడుగంటినప్పుడు. ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద లేకుండా రంపం పట్టుకోకండి.

డమ్మీ ఇంజన్‌తో చోటు చూడటం

లోపలి భాగాలు లేని ఖాళీ బ్లాక్, దానికి హెడ్లు, మానిఫోల్డులు బిగించి గదిలోకి దించి చూడటం అన్నిటికన్నా మంచిది. అది దొరక్కపోతే అసలు కొలతలకు ప్లైవుడ్‌తో ఒక పెట్టె చేయించినా పని జరుగుతుంది. హాచ్ (ఇంజన్ గది మూత) మూసినప్పుడు ఫ్లేమ్ అరెస్టర్‌కు (ఇంజన్ గాలి పీల్చేచోట మంట బయటికి రాకుండా ఆపే జల్లెడకు) తగులుతోందా చూడండి. ఆయిల్ ఫిల్టర్‌కు చెయ్యి వెళ్తుందా, దాన్ని తిప్పి బయటికి తియ్యడానికి చోటుందా? బెల్టు మార్చాలంటే ముందు గోడకూ పుల్లీకీ మధ్య మణికట్టు పట్టాలి. స్టార్టర్ మోటరు ఏ పక్క ఉంది, దాన్ని విప్పడానికి స్పానర్ తిరుగుతుందా అన్నది డమ్మీ లోపల ఉండగానే నిజంగా స్పానర్ పెట్టి తేల్చుకోవాలి. కంప్యూటర్‌లో గీసిన బొమ్మలో అన్నీ పడతాయి. చేతులకు ఆ బొమ్మతో సంబంధం ఉండదు.

ఏ ఇంజన్‌ను ముందుకు తేవాలి, కుడిదా ఎడమదా? రెండూ మధ్య గీతకు ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి పక్కల బరువు మారదు. క్యాబిన్ గోడ, స్టీరింగ్ గొట్టాలు, డ్రైవరు కాళ్ళుండే చోటు ఏ పక్క అడ్డొస్తున్నాయో చూసి, రెండో పక్కను ఎంచుకోండి.

స్ట్రింగర్లు, ఇంజన్ బెడ్లు

హల్ పొడవునా లోపల అతికించిన దూలాల్లాంటివే స్ట్రింగర్లు. పాత బోట్లలో ఇవి ఎక్కువగా ఫైబర్‌గ్లాస్ చుట్టిన చెక్కే. పైన చూస్తే నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల చెక్క పుచ్చి ఉండొచ్చు. ప్లాస్టిక్ సుత్తితో అడుగడుగునా కొట్టి వినండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే అనుమానించాలి. అనుమానం ఉన్నచోట సన్న డ్రిల్ వేసి రజను చూడండి. పొడిగా, లేతరంగులో వస్తే సరే. తడిగా, నల్లగా వస్తే అక్కడివరకూ కోసి కొత్తది వెయ్యక తప్పదు. ఈ ఖర్చు ముందే అనుకుని ఉండండి. పాత బోటులో ఇంజన్లు బయటికి తీసినప్పుడు స్ట్రింగర్లలో ఏ లోపమూ కనిపించకపోవడం అరుదు.

ఇంజన్లు దగ్గరికి జరుగుతున్నాయి కాబట్టి పాత స్ట్రింగర్ల మధ్య దూరం కొత్త మౌంట్లకు (ఇంజన్‌ను మోసే కాళ్ళకు) సరిపోదు. లోపలి పక్క కొత్త స్ట్రింగర్ వెయ్యాలి. దాన్ని ఇంజన్ కిందే మొదలుపెట్టి అక్కడే ఆపేయడం చాలామంది చేసే పొరపాటు. బోటు అల మీంచి ఎగిరి పడినప్పుడు ఇంజన్ బరువు ఎన్నో రెట్లయి ఆ చివర్ల దగ్గర హల్‌ను గుద్దుతుంది. కొత్త స్ట్రింగర్ ట్రాన్సమ్ దగ్గర మొదలై కనీసం తరవాతి అడ్డుగోడ దాకా పోవాలి, చివర్లు మెల్లగా సన్నబడాలి. ఎపాక్సీతో వెయ్యండి. పాత ఫైబర్‌గ్లాస్ పొరలకు పాలియెస్టర్ కన్నా అదే గట్టిగా అతుక్కుంటుంది. మౌంట్ల కింద మందపాటి అల్యూమినియం యాంగిల్ పెట్టి, స్ట్రింగర్‌కు ఇటునుంచి అటు దిగే బోల్టులు వెయ్యాలి. స్క్రూలతో సరిపెట్టవద్దు.

ట్రాన్సమ్, డ్రైవ్ ఎత్తు

పాత కంతల్ని అంచు వాలుగా అరగదీసి, పొర మీద పొర వేసి మూయండి. మెర్‌క్రూజర్ బ్రావో రకం స్టెర్న్‌డ్రైవ్‌లకు ట్రాన్సమ్ మందం 51 నుంచి 57 మిల్లీమీటర్లు ఉండాలి, లోపలి ముఖమూ బయటి ముఖమూ సమాంతరంగా ఉండాలి. పూడ్చిన చోట మందం తేడా వస్తే తరవాత అలైన్‌మెంట్ ఎప్పటికీ కుదరదు.

డ్రైవ్ ఉన్నచోట హల్ అడుగు నుంచి క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్ ప్రధాన షాఫ్ట్) కేంద్రం దాకా ఉన్న ఎత్తును ఎక్స్-డైమెన్షన్ అంటారు. ఇది పెరిగితే డ్రైవ్ కింది భాగం నీళ్ళలో తక్కువ మునుగుతుంది, రాపిడి తగ్గుతుంది, వేగం వస్తుంది. మరీ పెంచితే బోటు లేచేటప్పుడు ప్రొపెల్లర్ గాలి పీలుస్తుంది, డ్రైవ్‌లోంచి తీసుకునే చల్లబరిచే నీళ్ళకూ కొరత వస్తుంది. ఇంజన్లు కొత్తగా కూర్చోబెడుతున్నారు కాబట్టి ఈ ఎత్తును ఎంచుకునే అవకాశం ఇప్పుడే. మొదటిసారి ఆశపడకండి. ముందున్న ఎత్తుకన్నా అంగుళం మించి పెంచకుండా కొయ్యండి. రెండు డ్రైవ్‌ల మధ్య కనీస దూరం తయారీదారు పుస్తకంలో ఉంటుంది. రెండూ పూర్తిగా ఒకే పక్కకు తిరిగినప్పుడు, ట్రిమ్ (డ్రైవ్ వాలు) పైకెత్తినప్పుడు ప్రొపెల్లర్లు తగలకూడదు.

జాక్‌షాఫ్ట్: ప్రాణమంతా ఇక్కడే

వెనక ఇంజన్ నేరుగా డ్రైవ్‌కు కలుస్తుంది. ముందు ఇంజన్ శక్తి మీటరు పైబడిన షాఫ్ట్ గుండా, వెనక ఇంజన్ పక్కనుంచి పోవాలి. బ్రావో తరహా డ్రైవ్‌లో గేర్లు మారేది డ్రైవ్ పైభాగంలోనే. కాబట్టి న్యూట్రల్‌లో ఉన్నా సరే, ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఈ షాఫ్ట్ ఇంజన్ వేగంతోనే తిరుగుతుంటుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉంది కదా అని హాచ్ ఎత్తి లోపలికి దిగేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. షాఫ్ట్ పొడవునా గట్టి కవరు, రెండు చివర్లా స్టీల్ హూప్‌లు (షాఫ్ట్ ఊడినా పట్టి ఆపే కడియాలు) ఉండి తీరాలి. ఐదు వేల ఆర్‌పీఎం దగ్గర జాయింట్ తెగితే ఆ షాఫ్ట్ హల్‌ను చీల్చుకుని పోగలదు, పక్కనే పెట్రోలు గొట్టాలూ ఉంటాయి.

షాఫ్ట్‌కు రెండు చివర్లా యూనివర్సల్ జాయింట్లు (కోణంలో వంగినా తిప్పును అందించే కీళ్ళు) ఉంటాయి. జాయింట్ కోణంలో తిరిగితే అవతలి వైపు వేగం ప్రతి చుట్టులో రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. 3 డిగ్రీల దగ్గర ఆ తేడా 0.14 శాతం, లెక్కలోకి రాదు. 10 డిగ్రీల దగ్గర 1.5 శాతం. ఐదు వేల ఆర్‌పీఎంలో నిమిషానికి పదివేల సార్లు ఆ కుదుపు పడితే స్ప్లైన్లు (షాఫ్ట్ మీది పళ్ళు), బేరింగులు ఎన్నాళ్ళుంటాయో మీరే ఊహించుకోండి. ఒక జాయింట్ పుట్టించిన తేడాను రెండోది సరిచేయాలంటే రెండు షరతులు. రెండు జాయింట్ల కోణాలూ సమానంగా ఉండాలి, అంటే క్రాంక్‌షాఫ్టూ డ్రైవ్ ఇన్‌పుటూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. షాఫ్ట్ రెండు చివర్లా జాయింట్‌ను పట్టే చెవులూ ఒకే వరసలో ఉండాలి. స్లిప్ జాయింట్‌ను (పొడవు సర్దుకునేలా జారే భాగాన్ని) ఒక పన్ను తప్పించి ఎక్కించినా ఈ వరస చెడుతుంది. అందుకే విప్పే ముందే పెయింట్‌తో గీత పెట్టుకోవాలి.

కోణం సున్నా ఉంటే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. కాదు. సున్నా కోణంలో జాయింట్ లోపలి సూది బేరింగులు కదలక ఒకేచోట నొక్కుకుని గుంటలు పడతాయి. 1 నుంచి 3 డిగ్రీల మధ్య పెట్టండి. జాయింట్ల మధ్య 43 అంగుళాలుండి, ముందు ఇంజన్ క్రాంక్ డ్రైవ్ ఇన్‌పుట్ కన్నా అంగుళంన్నర కిందుంటే కోణం సరిగ్గా 2 డిగ్రీలు వస్తుంది. దీంట్లో ఒక కొసరు లాభం ఉంది: ఆ అంగుళంన్నర మేర ముందు ఇంజన్‌ను ఇంకా కిందికి దించుకున్నట్టే. డిజిటల్ యాంగిల్ గేజ్ తీసుకుని క్రాంక్ దగ్గర, షాఫ్ట్ మీద, డ్రైవ్ ఇన్‌పుట్ దగ్గర మూడు చోట్లా కొలిచి రాయండి. పై నుంచి చూసినప్పటి పక్క కోణాన్నీ కొలవాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు. షాఫ్ట్‌ను డ్రైవ్‌షాఫ్టులు చేసే మంచి షాపులో చేయించి, మీ గరిష్ఠ ఆర్‌పీఎంకు బ్యాలెన్స్ చేయించుకోండి. పొడవు పెరిగే కొద్దీ షాఫ్ట్ విల్లులా వంగి ఊగే వేగం త్వరగా దగ్గరపడుతుంది. ట్యూబు ఎంత లావుండాలి, మధ్యలో బేరింగ్ కావాలా అన్నది ఆ షాపువాళ్ళు లెక్కవేసి చెప్తారు.

వెనక ఇంజన్ అలైన్‌మెంట్‌కు డ్రైవ్ విప్పి, అలైన్‌మెంట్ బార్ చివర గ్రీజు రాసి, ట్రాన్సమ్ దగ్గరి గింబల్ బేరింగ్ గుండా ఇంజన్ వెనకున్న కప్లర్‌లోకి తోయాలి. రెండు వేళ్ళతో తోస్తే దిగాలి. సుత్తి కావాల్సి వస్తే అలైన్‌మెంట్ లేనట్టే. బయటికి తీసి గ్రీజు మీద స్ప్లైన్ల గుర్తులు చూడండి. చుట్టూ సమానంగా పడాలి. ఒకే పక్క పడితే ముందు మౌంట్లను కొద్దికొద్దిగా ఎత్తడమో దించడమో చేసి మళ్ళీ చూడాలి. జాక్‌షాఫ్ట్ ఉన్న పక్క కూడా డ్రైవ్ వైపు బేరింగ్ హౌసింగ్‌కు ఇదే బార్ పరీక్ష చెయ్యాలి.

నీళ్ళు, పొగ, పెట్రోలు, వైర్లు

డ్రైవ్ ఎత్తు పెంచారు కాబట్టి చల్లబరిచే నీళ్ళకు హల్ అడుగునో ట్రాన్సమ్ మీదో వేరే పికప్ (నీళ్ళు లోపలికి తీసుకునే ద్వారం) పెట్టుకోవడం మేలు. ఒక్కోదానికి సీకాక్ (నీళ్ళు ఆపే వాల్వ్), స్ట్రెయినర్ (వడపోత) ఉండాలి. ముందు ఇంజన్ ఎగ్జాస్ట్ గొట్టం పొడవు పెరుగుతుంది. అది ఇంజన్ నుంచి ట్రాన్సమ్ దాకా ఎక్కడా కడుపు పడకుండా కిందికి వాలుతూనే పోవాలి. మధ్యలో నీళ్ళు నిలిస్తే ఇంజన్ ఆపినప్పుడు సిలిండర్లలోకి వెనక్కి వస్తాయి. ఇంజన్ కిందికి దిగింది కాబట్టి నీటిగీతకు రైజర్ (ఎగ్జాస్ట్‌ను పైకెత్తే మలుపు గొట్టం) పైభాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి తయారీదారు అంకెతో పోల్చండి. చాలకపోతే రైజర్ స్పేసర్లు వెయ్యండి. కిందికి దించిన సంబరంలో దీన్ని మరిచిపోతే అసలుకే ఎసరు.

పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, బిల్జ్‌లో, అంటే బోటు లోపలి అట్టడుగున, చేరి కూర్చుంటుంది. స్టార్టర్లు, ఆల్టర్నేటర్లు కారువి చవగ్గా దొరుకుతాయని పెట్టకూడదు. నిప్పురవ్వ బయటికి రాకుండా చేసిన మెరైన్ రకమే పెట్టాలి. పెట్రోలు గొట్టం ఏ1 గుర్తున్నది వాడండి. అది రెండున్నర నిమిషాలు మంటను తట్టుకునేలా పరీక్షించినది. ఇంజన్ గది గాలిని బయటికి తోసే బ్లోయర్ పీల్చే గొట్టం బిల్జ్ అడుగుదాకా దిగాలి. స్టార్ట్ చేసే ముందు దాన్ని కనీసం నాలుగు నిమిషాలు నడపడం అమెరికా కోస్ట్ గార్డ్ చెప్పే నియమం. ముందు ఇంజన్ వల్ల గది రెండు భాగాలైతే రెండో బ్లోయర్ కావాలి.

నీళ్ళలో పరీక్ష

రేవులో కట్టేసి అరగంట నడిపి లీకులు, ఉష్ణోగ్రతలు చూడండి. తరవాత 500 ఆర్‌పీఎం చొప్పున పెంచుతూ ప్రతి మెట్టు దగ్గరా జీపీఎస్ వేగం, ఆయిల్ ప్రెషర్, నీళ్ళ ప్రెషర్, ట్రిమ్ రాయించండి. నడిపేవారు ఒకరు, రాసేవారు ఇంకొకరు ఉండాలి. ఇంజన్ కటాఫ్ తాడు ఒంటికి తగిలించుకోవడం 26 అడుగుల లోపు బోట్లకు 2021 ఏప్రిల్ నుంచి అమెరికా ఫెడరల్ చట్టం. మీ బోటు పెద్దదైనా తగిలించుకోండి.

మామూలుగా వీ-బోట్లలో ప్రొపెల్లర్లు పైభాగం బయటికి తిరిగేలా పెడతారు. బ్రావో వన్‌లో షిఫ్ట్ కేబుల్ అమరిక మారిస్తే తిరిగే దిశ మారుతుంది కాబట్టి రెండు దిశలూ ప్రయత్నించొచ్చు. కొత్త పరిస్థితిలో పాత ప్రొపెల్లర్లే సరిపోతాయన్న నమ్మకం లేదు. లెక్క ఇలా: ఆర్‌పీఎంను పిచ్ (ప్రొపెల్లర్ ఒక చుట్టుకు ముందుకు జరగాల్సిన దూరం) అంగుళాలతో గుణించి, గేర్ నిష్పత్తి ఇంటూ 1,056తో భాగిస్తే జారుడు లేని వేగం గంటకు మైళ్ళలో వస్తుంది. 5,200 ఆర్‌పీఎం, 28 పిచ్, 1.5 నిష్పత్తి అయితే 91.9. జీపీఎస్ 82.7 చూపిస్తే జారుడు 10 శాతం, బాగున్నట్టే. 20 దగ్గరికి పోతే డ్రైవ్ ఎత్తు ఎక్కువైందో, ప్రొపెల్లర్ తప్పో.

మంచి వేగంలో బోటు కుడికీ ఎడమకీ ఊగడం మొదలైతే అది చైన్ వాకింగ్. వెంటనే, కానీ ఒక్కసారిగా కాకుండా, థ్రాటిల్ తగ్గించి ట్రిమ్ కొంచెం దించండి. డ్రైవ్ స్టీరింగ్‌లో వదులుంటే ఇది ఎక్కువవుతుంది కాబట్టి టై బార్ (రెండు డ్రైవ్‌లను కలిపే కడ్డీ), హైడ్రాలిక్ సిలిండర్ల బోల్టులు ముందు చూడాలి.

పది గంటలు నడిచాక ఇంజన్ మౌంట్లు టార్క్ రెంచ్‌తో మళ్ళీ బిగించి, డ్రైవ్‌లు విప్పి బార్ పరీక్ష ఇంకోసారి చెయ్యండి. కొత్త బెడ్లు కాస్త కుదురుకుంటాయి, అలైన్‌మెంట్ కొద్దిగా కదలడం మామూలే. జాక్‌షాఫ్ట్ జాయింట్లకు గ్రీజు పట్టించి, గీతలు అలాగే ఉన్నాయో లేదో చూడండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పు సంగతి రాతపూర్వకంగా చెప్పి కొత్త సర్వే చేయించండి. బరువు లెక్క కాగితం, కోణాల కొలతలు సర్వేయర్ ముందు పెడితే ఆయన పనీ మీ పనీ తొందరగా తెమిలిపోతాయి.